కంప్యూటరుతో ప్రకృతిని చిత్రించుట

కొండలను, చెఱువులను, చెట్లను, మేఘములను కంప్యూటరులో లెక్కలచేత నిర్మించి, చూచువారికి అది ఛాయాచిత్రమే యని తోచునట్లు చేయు విద్య మన కాలమున మిక్కిలి వృద్ధి పొందినది. చలనచిత్రములవారు దీనిని వీఎఫ్ఎక్స్ అను పనిలో నొక భాగముగా నెంచుదురు. దిల్‌సుఖ్‌నగరులో మెట్రో వంతెన క్రింద నడచువారికి, ప్రవేశ పరీక్షల శిక్షణాలయముల పలకల ప్రక్కనే యానిమేషను, గ్రాఫిక్సు నేర్పెదమను పలకలును కనబడుచుండును. ఎల్.బి.నగరునుండి విజయవాడ రోడ్డున సుమారు 20 కిలోమీటర్లు పోయినచో, 1996లో స్థాపింపబడిన రామోజీ ఫిలిం సిటీ వచ్చును. కాబట్టి ఈ విద్య మన ముంగిటనే యున్నదని చెప్పవచ్చును. పదవ తరగతి ముగించిన పిల్లలు కొందఱు దీనిని నేర్చుకొందుమని కోరుచుండగా, తల్లిదండ్రులు "ఇది చదువా? వట్టి యాటయా?" అని సందేహించుచున్నారు. ఆ సందేహమునకు సమాధానము చెప్పవలెనన్న, ముందుగా ఈ పని యెట్లు జరుగునో తెలిసికొనవలెను.

1. పూర్వ చరిత్ర

లేని చోటును ఉన్నట్లు చూపుట తెలుగు చలనచిత్రములకు క్రొత్త గాదు. 1957లో విడుదలయిన మాయాబజారులో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే చిన్న నమూనాలచేత ద్వారకాపురిని, దీపములచేత వెన్నెలను కల్పించెను. ఆ కాలమున కన్నును నమ్మించు భారమంతయు కెమెరా, దీపము, కొయ్య, సున్నముల మీద నుండెడిది. తరువాతి కాలమున ఆ భారములో చాలభాగము కంప్యూటరు మీదికి మాఱెను. 2009లో వచ్చిన మగధీర, 2012లో వచ్చిన ఈగ, 2015, 2017 సంవత్సరములలో వచ్చిన బాహుబలి రెండు భాగములు, ఈ నాలుగును ఇట్టి దృశ్యముల నిమిత్తము జాతీయ బహుమానము పొందినవి.

బాహుబలి మొదటి భాగములో కథానాయకుడు ఎగబ్రాకు జలపాతమును మీలో చాలమంది చూచియుందురు. కేరళ దేశమున నున్న అతిరప్పిళ్లి జలపాతము ఎత్తు సుమారు 80 అడుగులు. తెఱమీది జలపాతము దానికి ఎన్నో రెట్లు పెద్దది. అట్టి జలపాతము భూమిమీద నెచ్చటను లేదు. హైదరాబాదులోని మకుట అను సంస్థవారు దానిని కంప్యూటరులో నిర్మించిరి. లేనిదానిని ఉన్నట్లు చూపుటకు వారు ఉన్నదానినే శ్రద్ధగా పరిశీలింపవలసి వచ్చినదని మీరు గ్రహింపవలెను. ఈ పాఠమునకంతటికిని అదియే మూలసూత్రము.

2. నేల

మొదట నేలను నిర్మింతురు. గళ్ల కాగితమును తలచుకొనుడు. ప్రతి గడియందును ఆ చోటి ఎత్తును తెలుపు నొక సంఖ్య యుండును. ఆ సంఖ్యలను బట్టి కాగితమును పైకి లేపినచో కొండలు, లోయలు ఏర్పడును. ఈ సంఖ్యలు రెండు విధములుగ లభించును.

మొదటిది కొలత. 2000వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఎండెవర్ అను అంతరిక్ష నౌక 11 దినములు భూమిని చుట్టి, రేడారుతో భూమి ఎత్తుపల్లములను కొలిచెను. ఇందు రెండు కొలతల నడుమ దూరము సుమారు 30 మీటర్లు. ఒక అక్షాంశము, ఒక రేఖాంశము మేరగల చతురస్రమునకు 3601 వరుసలు, వరుసకు 3601 సంఖ్యలు, వెరసి 1,29,67,201 ఎత్తులు ఉండును. మన దేశము 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహము ఒకే చోటును రెండు కోణములనుండి చిత్రించి ఎత్తులను తెలిపినది. మన హైదరాబాదులోనే యున్న జాతీయ దూరసంవేదన కేంద్రము ఆ సంఖ్యలను భువన్ అను జాలస్థానము ద్వారా విద్యార్థులకు సైతము అందించుచున్నది.

రెండవది కల్పన. కొలతకు 30 మీటర్ల యెడ మున్నప్పుడు, ఇల్లంత బండయైనను రెండు కొలతల నడుమ మఱుగుపడును. ఆ వెలితిని కల్పనచేత పూరింపవలెను. అందులకు సులభమైన యొక పద్ధతిని వినుడు. ఒక గీతయొక్క ఎడమ కొన ఎత్తు 100 అడుగులు, కుడి కొన ఎత్తు 140 అడుగులు అనుకొనుడు. నడిమి బిందువు 120 కావలెను. నాణెము ఎగురవేసి, బొమ్మ పడినచో దానిని 16 అడుగులు పైకిని, బొరుసు పడినచో 16 అడుగులు క్రిందికిని జరుపుడు. ఇప్పుడు గీత రెండు ముక్కలైనది. ఒక్కొక్క ముక్క నడిమి బిందువును అట్లే 8 అడుగులు జరుపుడు. తరువాత 4, తరువాత 2. కొన్ని మాఱులు చేయునప్పటికి ఆ గీత కొండ అంచువలె కనబడును. దూరమునుండి చూచినను, దగ్గఱనుండి చూచినను ఒకే తీరున గరుకుగ నుండు ఇట్టి రూపములనుగూర్చి మాండెల్‌బ్రాట్ అను గణితశాస్త్రజ్ఞుడు విస్తరించి వ్రాసెను. 1980లో లోరెన్ కార్పెంటర్ అను అమెరికా దేశీయుడు ఈ విధమున పర్వతములను నిర్మించి, వానిమీదుగ ఎగురుచున్నట్లు చూపు చిన్న చలనచిత్రమును తయారు చేసి పండితులను ఆశ్చర్యపఱచెను.

అయితే ఇట్లు పుట్టిన కొండలలో నొక లోపమున్నది. వానిమీద ఎన్నడును వాన కురియలేదు! నిజమైన కొండమీద వాన పడును. నీరు పల్లమునకు పాఱును. చిన్న పాయలు కలిసి వాగగును. వాగు మన్నును కోసికొనిపోయి క్రింద పఱచును. కాబట్టి 1989లో మస్‌గ్రేవ్, ఆయన తోడివారును కంప్యూటరులోని కొండపై వానను కురిపించి, అది నేలను కోయునట్లు లెక్క గట్టిరి. అప్పటినుండి కొండకు వయస్సు వచ్చినట్లయినది.

ఇది వట్టి చిత్రకారుల విషయము కాదు. మన పూర్వులు నేల వాలును చూచియే తెలంగాణములో గొలుసుకట్టు చెఱువులు కట్టిరి. పై చెఱువు నిండి పొరలిన నీరు క్రింది చెఱువును చేరును. ఆ దారులను మఱచి యిండ్లు కట్టినందువలన గలిగిన ఫలము 2020 అక్టోబరు 13వ తేదీ కుంభవృష్టిలో సరూర్‌నగరు ప్రాంతపు కాలనీలవారికి బాగుగ తెలియును. చిత్రకారుడు వాగును గీయుటకు వాడు ఎత్తుల సంఖ్యలే, వఱద యెటు వచ్చునో ముందుగా తెలిసికొనుటకును ఉపయోగపడును.

3. రాయి

హైదరాబాదు రాళ్లు లోకప్రసిద్ధములు. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున గట్టిపడిన గ్రానైటు శిలలు. పైనున్న పొరలు అరిగిపోగా బరువు తగ్గి, శిలలో నిలువుగను అడ్డముగను పగుళ్లు ఏర్పడినవి. ఆ పగుళ్లలోనికి నీరు దిగి రాతిని మెత్తపఱచినది. చదునైన ముఖమునకు ఒక వైపునుండియే నీరు తగులును. అంచునకు రెండు వైపులనుండి, మూలకు మూడు వైపులనుండి తగులును. అందుచేత మూలలు ముందుగ అరిగి, పెట్టెవంటి రాయి గుండువలె నయినది. చుట్టునున్న మెత్తని మన్ను కొట్టుకొనిపోగా, గుండు మీద గుండు నిలిచినది. ఎవరో పేర్చినట్లు కనబడు రాళ్లు ఎవరును పేర్చినవి గావు. అచ్చటనే పుట్టి అచ్చటనే మిగిలినవి.

ఈ సంగతి తెలియని నేర్పరి కంప్యూటరులో గుండ్రని బంతులు కొన్ని చేసి నేలమీద పెట్టును. చూచినవారికి అవి రాళ్లని తోచవు. తెలిసినవాడు పగుళ్ల దిశను ముందుగ నిశ్చయించి, ప్రక్క ప్రక్క గుండ్ల పగుళ్లు ఒకే దిశను ఉండునట్లు చూచును. రాతిమీద వాననీరు జాఱిన చోట నల్లని చారలు దిద్దును. రాతి మొదట, పైనుండి జాఱిన నీరు చేరు చోట, గడ్డిని దట్టముగ పెంచును. సందులలో సీతాఫలపు పొదలను, ఎండు నేలలో తంగేడును నాటును. తాటిచెట్టును ఒక్కదానిని చేసి నూఱుమాఱులు అచ్చు గ్రుద్దినను, ఒక్కొక్కదానిని కొంచెము త్రిప్పి, పొడవు మార్చి నిలుపును.

ఇట్టి నేలను చూడగోరువారికి దూరప్రయాణ మక్కఱలేదు. వనస్థలిపురము ప్రక్కనున్న మహావీర హరిణ వనస్థలి సుమారు 3,600 ఎకరముల మేర నున్నది. కృష్ణజింకలకు నెలవైన ఈ వనము 1994లో జాతీయోద్యానముగ ప్రకటింపబడినది. నగరము పెరుగక పూర్వము ఈ తూర్పుదిక్కు నేల యెట్లుండెనో అచ్చట కొంత తెలియును. నగరపు రాళ్లను కాపాడుటకు 1996లో ఒక సంఘము ఏర్పడి పనిచేయుచున్నది. అయినను నానాట గుండ్లు ప్రేల్చబడి కంకరగ మాఱుచున్నవి. కంప్యూటరులో రాతిని ఎన్నిమాఱులైనను చేయవచ్చును. ప్రేలిన గుండును మరల చేయలేము.

4. వెలుగును గాలియును

నేల, రాయి, చెట్టు చక్కగ నున్నను, వెలుగు తప్పినచో చిత్రము బొమ్మవలెనే యుండును. వెలుగునందు గమనింపవలసిన సంగతులు నాలుగు.

మొదటిది: సూర్యుడు బిందువు గాడు, మన కంటికి అర్ధ డిగ్రీ వెడల్పుగల బిళ్ల. అందుచేత నీడ అంచు దూరము పోయినకొలది మసకబాఱును. అడ్డుగనున్న వస్తువునకు 107 అంగుళముల దూరమున ఆ మసక వెడల్పు ఇంచుమించు 1 అంగుళము. పుస్తకము మీద పెట్టిన పెన్సిలు నీడ పదునుగ నుండుటకును, ఎత్తున నున్న కరెంటు తీగ నీడ నేలమీద మసకగ నుండుటకును కారణ మిదియే.

రెండవది: నీడ నల్లగ నుండదు. ఎండ తగులని చోటికి ఆకాశపు నీలి వెలుగు వచ్చుచుండును. గాలి కణములు ఎఱుపు వెలుగుకంటె నీలి వెలుగును నాలుగు రెట్లకు మించి చెదరగొట్టునని 1871లో రేలీ ప్రభువు వివరించిన నియమమును బట్టి తెలియును. ఆకాశపు నీలిమ అందువలన కలిగినదే.

మూడవది: వెలుగు ఒక వస్తువునుండి మఱియొక వస్తువునకు ఎగురును. ఎఱ్ఱమట్టి నేలమీద నున్న గుండు అడుగుభాగము కొంచెము ఎఱ్ఱగ నుండును. ఒక చోటనుండి మన కంటికి వచ్చు వెలుగు ఎంతయనగా, అది తానుగ వెలువరించునదియు, నలుదిక్కులనుండి దానిపై బడిన వెలుగులో మనవైపు మఱలించునదియు కలిపినంత. 1986లో జేమ్స్ కజియా ఈ మాటనే యొక సమీకరణముగ వ్రాసెను. నేటి కంప్యూటరు చిత్రములకు అది పునాది.

నాలుగవది: గాలి కనబడదని యనుకొందుము గాని, దూరమున కనబడును. ఎల్.బి.నగరు మెట్రో స్టేషను ఎత్తైన వేదికపై ఉదయము నిలిచి చూచినచో, దగ్గఱి మేడల కిటికీలు నల్లగను, దూరపు మేడల కిటికీలు బూడిద వన్నెగను, మఱియు దూరపువి గోడతో కలిసిపోయినట్లును తోచును. దూరపు వస్తువులో ముందుగ మాయమగునది నలుపు. కంప్యూటరులో దూరపు కొండను కూడ దగ్గఱి కొండవలె నల్లని నీడలతో గీసినవాడు, మైళ్ల దూరమును గజముల దూరముగ చేసినవాడగును.

5. నీరు

నీటిని కోట్లకొలది కణములుగ భావించి, ఒక్కొక్కటి క్షణక్షణము ఎచ్చట నుండునో లెక్క గట్టుదురు. ఇందు కాలమును తప్పక పాటింపవలెను. మీరు నేర్చిన పతన నియమమును స్మరింపుడు. 80 అడుగుల ఎత్తునుండి జాఱిన నీరు, గాలి అడ్డు లేదనుకొన్నచో, సుమారు 2¼ సెకనులలో క్రిందికి వచ్చును. ఎత్తు 16 రెట్లయి 1,280 అడుగులయినచో కాలము 16 రెట్లు గాదు. 4 రెట్లు మాత్రమే, అనగా సుమారు 9 సెకనులు. పెద్ద జలపాతము మెల్లగ దిగుచున్నట్లు కనబడుటకు కారణ మిదియే. చిన్న జలపాతపు కాలముతో పెద్ద జలపాతమును చూపినచో, మహాపర్వతము పెరటి గోడవలె తోచును. నీటి నురుగు, గాలికి లేచు తుంపర, తడిసిన రాతి నలుపు, ఇవియు చేరిననే కన్ను నమ్మును.

6. శ్రమయొక్క లెక్క

చలనచిత్రమున సెకనునకు 24 చిత్రములు. వెడల్పున 2,048, ఎత్తున 1,080 చుక్కలుగల యొక చిత్రమున 22,11,840 చుక్కలుండును. సెకనునకు 5,30,84,160 చుక్కలు. చుక్కకు నూఱు కిరణముల చొప్పున గట్టినను 530 కోట్ల కిరణములకు మించును. ఒక చిత్రమునకు ఒక గంట పట్టుననుకొన్నచో, 10 సెకనుల దృశ్యమునకు ఒక్క కంప్యూటరు 10 దినములు రేయింబవళ్లు పనిచేయవలెను. అందుచేతనే పెద్ద సంస్థలలో వందలకొలది కంప్యూటర్లను ఒకచోట చేర్చి పనిచేయింతురు.

7. తల్లిదండ్రులకు రెండు మాటలు

ఇది చదువే. పైన చెప్పిన దానిలో త్రికోణమితి, భౌతికశాస్త్రము, భూగోళము, వృక్షశాస్త్రము, చిత్రలేఖనము, ఇన్నియు నున్నవి. బటన్లను నొక్కుట మూడు మాసములలో నేర్వవచ్చును. చూచుట నేర్చుటకు సంవత్సరములు పట్టును. బిడ్డకు అభిరుచి నిజముగ నున్నదో లేదో తెలిసికొనుటకు వేలకు వేలు రుసుము కట్టవలసిన పని లేదు. బ్లెండర్ అను సాఫ్టువేరు 2002నుండి అందఱికిని స్వేచ్ఛగ లభించుచున్నది. ఒక సంవత్సరము దానితో కృషి చేసి, ఒక గుండును ఒక తుమ్మచెట్టును నమ్మదగినట్లు చేయగలిగిన పిమ్మట, పై శిక్షణ సంగతి యోచింపవచ్చును.

జీవనోపాధి విషయమునను కన్నులు తెఱచియే యుండవలెను. లైఫ్ ఆఫ్ పై అను చిత్రమున సముద్రమును, ఆకాశమును, పులిని నిర్మించిన రిథమ్ అండ్ హ్యూస్ అను అమెరికా సంస్థకు మన హైదరాబాదులోను శాఖ యుండెను. 2013 ఫిబ్రవరిలో ఆ చిత్రమునకు ఆస్కారు బహుమానము వచ్చిన మాసముననే ఆ సంస్థ దివాలా ప్రకటించెను. నేర్పు గొప్పదైనంతమాత్రమున కూడు నిశ్చయమని చెప్పరాదు. కాబట్టి ఈ విద్యను కోరువారు పట్టపు చదువును విడువక, గణితమునందు గట్టివారై యుండుట మేలు.

ఇంకొక మాట మఱింత ముఖ్యమైనది. చలనచిత్రము చూచువారు అది కల్పన యని తెలిసియే చూతురు; అందు మోసము లేదు. కాని ఎల్.బి.నగరునుండి పోవు రోడ్డు పొడుగునను ఇండ్ల స్థలములు అమ్మువారు పంచు కాగితములలో పచ్చని తోటలు, నిండిన చెఱువులు, వెడల్పు బాటలు కనబడుచుండును. అవి తఱచు కంప్యూటరు చిత్రములే. ఇప్పుడు కృత్రిమ మేధకు నాలుగు మాటలు చెప్పినచో క్షణములో అట్టి చిత్రమును గీయుచున్నది. జీవితకాలపు కష్టార్జితమును చిత్రమును చూచి ఇయ్యరాదు. నీడలన్నియు ఒకే వైపునకు ఉన్నవా? ఒకే చెట్టు పదిమాఱులు కనబడుచున్నదా? నీటిలోని ప్రతిబింబము పైనున్న దానితో సరిపోవుచున్నదా? ఇవి పిల్లలు పరీక్షించి చెప్పగలరు. చిత్రము ఈ పరీక్షలన్నిటను గెలిచినను, స్వయముగ పోయి నేలను త్రొక్కి చూచి, వాన వెలిసిన తరువాత మరల నొకమాఱు చూచి, పత్రములను తెలిసినవారికి చూపిన పిమ్మటనే నిశ్చయింపవలెను. ఈ విద్య నేర్చిన పిల్లలును, కల్పనను కల్పన యని చెప్పుటకు సిగ్గుపడరాదు.

అభ్యాసము

1. గళ్ల కాగితముపై రెండవ భాగములో చెప్పినట్లు నాణెముతో కొండ అంచును గీయుడు. ఇద్దఱు విద్యార్థులు గీసిన అంచులను పోల్చుడు.

2. ఎల్.బి.నగరు అక్షాంశము ఇంచుమించు 17⅓ డిగ్రీలు. మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున మధ్యాహ్నము 12 గంటలు దాటిన కొలది నిమిషములకు నిలువు కఱ్ఱకు నీడ యుండదు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు నీడ ఏ దిక్కునకు పడును? ఎందువలన?

3. డిసెంబరు 22వ తేదీ మధ్యాహ్నమున 10 అడుగుల కఱ్ఱ నీడను కొలువుడు. అది సుమారు 8½ అడుగులు ఉండవలెను. దానినుండి సూర్యుని ఎత్తు ఎన్ని డిగ్రీలో త్రికోణమితిచేత కనుగొనుడు.

4. మీ యింటికి దగ్గఱగ నున్న గుండు నొకదానిని ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడు వేళల చూచి, మూడు చిత్రములు పెన్సిలుతో గీయుడు. ఏ భాగము ఏ వేళ నెట్టి రంగు పొందెనో ప్రక్కన వ్రాయుడు. ఆ గుండు వచ్చే సంవత్సరమునకు అచ్చట నుండునో లేదో. మీ చిత్రములను భద్రముగ దాచుకొనుడు.